గొంగడి తెరచాప

సాగర్ నీళ్ల మీద నేను లాంచీ ఇంజన్ నడిపిన తొలి ఏళ్లలో ప్రయాణికులు మమ్మల్ని అడగని ప్రశ్న లేదు. లోతు ఎంత, అడుగున మొసళ్లున్నాయా, నీళ్ల మీద రోడ్డు లేదు కదా దారి ఎట్లా తెలుస్తుంది, లాంచీకి బ్రేకులు ఎక్కడుంటాయి. ఇవి రేవు దాటేలోపు అడిగేవి. ఆ తర్వాత మా మీద పడేవారు. ఏ ఊరు, పెళ్లయిందా, సర్కారు నౌకరేనా, ఈత వచ్చా. ఈత రాదంటే నవ్వేవారు. వచ్చంటే నమ్మేవారు కాదు.

అప్పటికి ఆనకట్ట వెనక నీళ్లు నిలిచి ఎన్నో ఏళ్లు కాలేదు. నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి జనం లారీల్లో, ఎడ్లబండ్లలో వచ్చి గట్టు మీద నిలబడేవారు. చెరువు నిండి అలుగు పారితేనే కోడిని కోసి పండుగ చేసుకునే మెట్ట ప్రాంతం మాది. అట్లాంటి మనుషుల ముందు అవతలి ఒడ్డు కంటికి ఆనని నీళ్లు. చూసినవాళ్లు ఒకరినొకరు పిలిచి చూపించుకునేవారు. ఆ తర్వాత ధైర్యం ఉన్నవాళ్లు టికెట్టు కొనుక్కొని మా లాంచీ ఎక్కేవారు. నీళ్ల నడుమ దీవిలా మిగిలిపోయిన కొండ దాకా తీసుకుపోయి, పాత శిల్పాలు చూపించి, సాయంత్రానికి వెనక్కి తెచ్చేవాళ్లం.

మాది రెండంతస్తుల లాంచీ. పైన ముందు భాగంలో అద్దాల గది, అందులో చుక్కాని చక్రం, దాని వెనక మా సరంగు. లాంచీని నడిపే పెద్ద ఆయనే. నిచ్చెన దిగితే కింద ఇంజన్ గది. అక్కడ నేను. ఆయన పైన తీగ లాగితే నా తల పక్కన గంట మోగేది. ఒకసారి మోగితే ముందుకు, రెండుసార్లయితే ఆపు, మూడుసార్లయితే వెనక్కి. రోజంతా మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు చాలావరకు ఆ గంటలే.

సరంగు గోదావరి మీద పుట్టి పెరిగిన మనిషి. చిన్నతనంలో తెరచాప పడవల మీద, పెద్దయ్యాక లాంచీల మీద పని చేశాడు. ఇక్కడ లాంచీ నడపగలవాళ్లు లేరని పిలిస్తే, ఇల్లూ పిల్లల్నీ అక్కడే వదిలి ఒంటరిగా వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తప్ప మరొకటి వేసుకునేవాడు కాదు. మా జనం మాట ఆయనకు సగం అర్థమయ్యేది కాదు. ఆయన మాట మా జనానికి రేడియోలో వార్తల్లా ఉండేది. ఎవరైనా పలకరిస్తే ఏం అన్నారో తెలియక ఇబ్బంది పడి, చివరికి చక్రం గది తలుపు మీద ఒక బోర్డు రాయించి పెట్టాడు: లాంచీ నడిపేవారితో మాట్లాడరాదు. చదువు వచ్చినవాళ్లు ఆ బోర్డు చదివి, ఎందుకు మాట్లాడకూడదని ఆయన్నే అడిగేవారు. చదువు రానివాళ్లు సరాసరి మాట్లాడేవారు.

నాకు మాత్రం ప్రయాణికులు మాట్లాడటం ఇష్టంగా ఉండేది. మా ఊరు హాలియా పక్కన చిన్న పల్లె. నాయిన దొర దగ్గర జీతం ఉండేవాడు. అమ్మ కూలికి పోయేది. మా వాడకు బడి వచ్చింది ప్రార్థన గుడితోపాటే. నేను హాస్టల్లో ఉండి కొంత చదువుకున్నాను. ఆనకట్ట పని మొదలయ్యాక మా వాడంతా అక్కడికి రాళ్లు మోయడానికి కదిలింది. అక్కడే డీజిల్ ఇంజన్ల పని నేర్చుకున్నాను. ఆ పనే నన్ను లాంచీ మీదికి తెచ్చింది. ఖాకీ చొక్కా వేసుకొని నిలబడితే, నన్ను ఎరగని మనుషులు నన్ను ‘సారూ’ అని పిలిచేవారు. మా ఊళ్లో మా నాయినను ‘ఒరే’ అనేవారే తప్ప పూర్తి పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. ఆ పిలుపు వినడానికే నేను అప్పుడప్పుడు ఇంజన్ గది నిచ్చెన ఎక్కి పైకి వచ్చి నిలబడేవాణ్ణి.

ఒక్క ప్రశ్న వస్తేనే మళ్లీ కిందికి దిగిపోయేవాణ్ణి. ‘ఏ ఊరు’ తర్వాత మా దిక్కు ఎప్పుడూ వచ్చే ప్రశ్న అది: ‘ఎవరోళ్లు?’ కులం అడగడానికి మర్యాదైన దారి. అప్పుడు ఇంజన్ మోత నాకు బాగా అక్కరకొచ్చేది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, వినపడలేదన్నట్టు తల ఊపి, నూనెడబ్బా పట్టుకొని లోపలికి పోయేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఆషాఢంలో జరిగింది. పైనుంచి వరద ఇంకా రాలేదు. నీళ్లు బాగా తగ్గిపోయి, ఎప్పుడో మునిగిన చెట్ల కొనలు అక్కడక్కడ నీటికి కొంచెం కిందుగా ఉండేవి. గాలి మాత్రం పడమటి నుంచి విడవకుండా కొట్టేది. సన్నగా ముసురు. లాంచీ మీద ఎండకు కట్టే గుడ్డ పందిరి గాలికి చినిగిపోతే కుట్టించడానికి పంపాం. ఆ వాతావరణంలో ఎవరూ రారనుకున్నాం. కానీ తిరుమలగిరి దిక్కు నుంచి గొర్లకాపరుల కుటుంబాలు ఒక లారీ నిండా వచ్చాయి. సంతలో పొట్టేళ్లు అమ్ముకొని, తిరుగు లారీ ఖాళీగా పోవడం ఎందుకని నీళ్లు చూడటానికి వచ్చారట. మగవాళ్ల భుజాల మీద నల్ల గొంగళ్లు. ఆడవాళ్లలో ముసలివాళ్ల నెత్తిన కూడా గొంగళ్లే.

వాళ్లందరికీ పెద్ద ఒక అవ్వ. సన్నటి మనిషి. ఆమె అటు అంటే అందరూ అటు, ఇటు అంటే ఇటు. ఆమె పెద్దకొడుకు మీసాలున్న నిండు మనిషి. అతను కూడా తల్లి మొహం చూసే లాంచీ ఎక్కే పలకపై అడుగు పెట్టాడు.

లాంచీ కదిలి కొంత దూరం పోయాక అవ్వ నేరుగా చక్రం గది గుమ్మంలో నిలబడింది. నేను అప్పుడే పైకి వచ్చి ఉన్నాను కనుక అంతా విన్నాను. ఆ చక్రం తిప్పితే ఇంత పెద్ద లాంచీ ఎట్లా తిరుగుతుందని ఆమె సరంగును అడిగింది. ఆయన మాట్లాడకుండా బోర్డు చూపించాడు.

“నాకు సదువు రాదు సారూ. ఏం రాసిండ్రు గండ్ల?”

“నాతో మాట్లాడకూడదని రాసుందమ్మా,” అన్నాడు సరంగు.

“మరి నువ్వు మాట్లాడుతనే ఉన్నవు గద,” అంది అవ్వ. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది.

సరంగు నవ్వాడు. ప్రయాణికుల ముందు ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆమెను లోపలికి రమ్మని, లాంచీ వెనక నీళ్లలో మునిగి ఉండే చుక్కాని పలక సంగతి చెప్పాడు. పడవ ముందుకు పోతుంటే నీళ్లు ఆ పలకను ఒరుసుకుంటూ పోతాయని, పలకను పక్కకు తిప్పితే నీళ్లు దాన్ని నెడతాయని, అప్పుడు పడవ తిరుగుతుందని. కదలకుండా నిలబడ్డ పడవకు చుక్కాని ఉన్నా లేనట్టేనని కూడా చెప్పాడు. ఆయనకు చెప్పడం ఇష్టమని నాకు ఆరోజే తెలిసింది. అర్థం కాని మాట వచ్చినచోట నేను మా మాటలో మళ్లీ చెప్పాను. అవ్వ శ్రద్ధగా విని, గొర్లమందను కూడా నడుస్తున్నప్పుడే మలపగలమని, పండుకున్న మందను మలపలేమని అంది. సరంగుకు ఆ మాట బాగా నచ్చి, ‘పండుకున్న మంద’ అని రెండుసార్లు అనుకున్నాడు.

తర్వాత ఆమె నన్ను వెతుక్కుంటూ ఇంజన్ గది దాకా వచ్చింది. నిచ్చెన పైన కూర్చొని కిందికి తొంగిచూస్తూ, వేడి ఎట్లా ఓర్చుకుంటున్నావని, అన్నం ఎవరు వండి పెడతారని అడిగింది. అన్నిటికీ చెప్పాను.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“హాలియా పక్కపొంటి అవ్వా.”

“ఎవరోళ్లు?”

నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, తల ఊపి, నూనెడబ్బా అందుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

కొండ దగ్గర వాళ్లు చాలాసేపు తిరిగారు. రాతి బొమ్మల్లో గొర్లూ పొట్టేళ్లూ కనిపించినచోటల్లా ఆగారు. తిరుగు ప్రయాణానికి పొద్దు కొంచెం వాలింది. గాలి పెరిగింది. అలలు లాంచీ పక్కను కొడుతుంటే సరంగు ఎప్పుడూ పోయే దారి కాకుండా, గాలి చాటు కోసం కొండల వరస దగ్గరగా నడిపించాడు. అది సబబైన పనే. ఎవరైనా అదే చేసేవారు.

సగం దూరం వచ్చామో లేదో, అడుగున ఏదో దబ్బున తగిలింది. లాంచీ ఒక్కసారి వణికింది. వెంటనే నా ఇంజన్ పిచ్చిపట్టినట్టు అరవడం మొదలుపెట్టింది. బరువు లాగే ఎద్దుకు కాడి విరిగిపోతే ముందుకు ఎట్లా ఉరుకుతుందో అట్లా. నేను డీజిల్ కట్టేసి ఇంజన్ ఆపాను. ఇంజన్ నుంచి పంకాకు పోయే కడ్డీని చేత్తో తిప్పి చూశాను. తేలిగ్గా తిరిగింది. నీళ్లను నెట్టే పంకా మునిగిన చెట్టుకు తగిలి ఊడిపోయిందని అర్థమైంది. అది నీళ్ల అడుగుకు పోయాక, ఇంజన్ ఎంత బాగున్నా అది ఉత్త ఇనుమే.

పైకి పోయి సరంగు చెవిలో చెప్పాను. ఆయన మొహం మారలేదు. లంగరు వెయ్యమని, లాంచీ మీద తాళ్ల పని చూసే ఇద్దరు కళాసీలకు చెప్పాడు. తాడంతా వదిలినా లంగరు పట్టుకోలేదు. అడుగంతా బండరాయి. గాలి మమ్మల్ని అడ్డంగా తిప్పి, తూర్పున నీళ్లలోకి నిటారుగా దిగిన కొండగోడ వైపు మెల్లగా నెడుతోంది. ఆ గోడ కింద అలలు తెల్లగా పగలడం అక్కడి నుంచే కనిపిస్తోంది. ఇంకో లాంచీ ఆ నెల మరమ్మతులో ఉంది. రేవులో నాటుపడవలున్నాయి కానీ, మేము రాలేదని వాళ్లకు తోచి, వాళ్లు బయలుదేరి, ఎదురుగాలిలో తెడ్లు వేసుకుంటూ రావాలంటే చీకటి పడుతుంది.

ఇంజన్ చప్పుడు ఆగగానే జనం లేచి నిలబడ్డారు. ఒకరిని చూసి ఒకరు కొండ కనిపించే పక్కకు వచ్చారు. లాంచీ ఆ పక్కకు ఒరిగింది. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. సరంగు గది బయటికి వచ్చి, కంగారు పడవద్దని, ఎవరి స్థలాల్లో వాళ్లు కూర్చోవాలని గట్టిగా చెప్పాడు. ఆ గాలిలో, ఆ గోలలో ఆయన మాట ఎవరికీ ఎక్కలేదు. నేను బెంచీ ఎక్కి నిలబడి మా మాటలో చెప్పాను. పంకా ఊడింది, లాంచీకి బొక్క పడలేదు, మునగదు, కానీ అందరూ ఒక్క దిక్కే ఉంటే ఒరుగుతుంది, సగం మంది ఇటు రావాలె.

అవ్వ నా మొహం చూసింది. అబద్ధం చెబుతున్నానేమోనని చూసిందనుకుంటాను. తర్వాత తనవాళ్ల వైపు తిరిగి, పేరు పేరునా పిలిచి, నువ్విటు, నువ్వటు అని కూర్చోబెట్టింది. పసిపిల్లల తల్లులను నడుమ కూర్చోబెట్టింది. అరుపు లేదు. అయిదు నిమిషాల్లో లాంచీ నిటారుగా నిలిచింది.

సరంగు నన్ను పక్కకు పిలిచాడు. “గాలి మనల్ని తోస్తోంది కదా. ఆ గాలినే పట్టుకుంటే పడవ ముందుకు నడుస్తుంది. నడిస్తే చుక్కాని పలుకుతుంది. గోడను తప్పించుకొని అటు పక్కనున్న పల్లపు ఒడ్డుకు పోవచ్చు. నాకు గుడ్డ కావాలయ్యా. పెద్ద గుడ్డ.”

పందిరి గుడ్డ లేదు. పంచెలు ఆ గాలికి ఆగవు. ఆయన చూపు జనం మీదుగా పోయి ఆగింది. నేనూ అటే చూశాను. వాళ్ల భుజాల మీద, నెత్తిన, ఒళ్లో, ఎక్కడ చూసినా గొంగళ్లే.

గొర్లకాపరికి గొంగడి అంటే ఏమిటో నాకు తెలుసు. అది వానకు గొడుగు, రాత్రికి పడక, చలికి చొక్కా, కొత్త అల్లుడికి పెట్టే కానుక. కన్నతండ్రి గొంగడి కొడుకుకు వస్తుంది. అడగడానికి నాకు నోరు రాలేదు. సరంగే అవ్వ దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చొని, చేతులతో గాలినీ గుడ్డనూ చూపిస్తూ చెప్పాడు. పొద్దున చెప్పిన మాటనే మళ్లీ చెప్పాడు, కదలని పడవకు చుక్కాని లేనట్టేనని.

“కోస్తరా?” అని అడిగింది అవ్వ.

“కొయ్యనక్కర్లేదమ్మా. అంచులు కలిపి కుడితే చాలు. ఒడ్డు చేరాక విప్పేసుకోవచ్చు.”

“ఎన్ని గావాలె?”

ఆయన ఎన్ని కావాలో చెప్పేలోపే ఆమె నెత్తిమీది గొంగడి తీసి ఆయన ముందు పరిచింది. పెద్దకొడుకు ఒక్క నిమిషం తన గొంగడి అంచు పట్టుకొని నిలబడ్డాడు. అది అతని నాయినదని నాకు తర్వాత తెలిసింది. తల్లి తన గొంగడి ముడతలు సరిచేస్తోంది. అతనే దాన్ని దులిపి తెచ్చి అవ్వ గొంగడి పక్కన వేశాడు. ఇంక అడగవలసిన పని లేకపోయింది.

కుట్టడానికి దారం కావాలి కదా అని నేను అనుకుంటుండగానే, ఆడవాళ్ల మూటల్లోంచి ఉన్ని దారం చుట్టిన కదుళ్లు వచ్చాయి. దారి నడుస్తూ కూడా ఉన్ని వడికే మనుషులు వాళ్లు. గోనెలు కుట్టే పెద్ద సూదులు, దబ్బనాలు, ఇద్దరు ముగ్గురి దగ్గర ఉన్నాయి. లాంచీ పైఅంతస్తు నేలంతా గొంగళ్లు పరచి, అంచు మీద అంచు వేసి కుట్టడం మొదలుపెట్టారు. నేను ఒక కొస పట్టుకొని అవ్వ ఎదురుగా కూర్చున్నాను. ఆమె దబ్బనం గుచ్చితే నేను అవతలి నుంచి లాగి ఇచ్చాను. ఆమె వేళ్లూ నా వేళ్లూ తగులుతూనే ఉన్నాయి. ఎవరి ధ్యాసా దాని మీద లేదు. మధ్యలో ఆమెకు దాహమైతే నా సీసాలో నీళ్లు ఎత్తుకొని తాగింది.

కళాసీలు ఒడ్డును తోయడానికి ఉంచిన రెండు పొడుగాటి వెదురు గడలు తెచ్చారు. ఒకదాన్ని పైఅంతస్తు ముందరి ఇనుప స్తంభానికి నిలువుగా కట్టారు. రెండోదాన్ని అడ్డంగా పెట్టి గొంగళ్ల పైఅంచు దానికి కట్టారు. సరంగు తెల్లచొక్కా విప్పి పక్కన పడేసి, బనీనుతో తాళ్లు బిగించాడు. ఆ ముడులు వేస్తున్నప్పుడు ఆయన చేతులు చూడాలి. ఎన్నో ఏళ్ల కింద వదిలేసిన పని, కానీ చేతులు ఒక్కచోట కూడా తడబడలేదు. కింది కొసలకు తాళ్లు కట్టి, చెరో పక్క నలుగురు మగవాళ్లకు ఇచ్చాడు. నేను చెప్పినప్పుడు లాగాలి, చెప్పినప్పుడు వదలాలి అన్నాడు. ఆ మాటను నేను వాళ్లకు చెప్పబోతే, పెద్దకొడుకు అన్నాడు, “సమజైంది సారూ. ఆయన చెయ్యి జూసుకుంట లాగుతం.”

గడ ఎత్తారు. మొదట గొంగళ్లు బరువుగా వేలాడాయి. ఉన్ని సందుల్లోంచి గాలి పోతోంది. కానీ ముసురు పడుతూనే ఉంది. తడిసేకొద్దీ ఉన్ని బిగుసుకుంది. ఒక పెద్ద విసురు వచ్చింది. నల్లటి గుడ్డ అంతా ఒక్కసారి పొట్ట ఉబ్బించింది. తాళ్లు పట్టుకున్నవాళ్లు రెండడుగులు ముందుకు జారి, కాళ్లు నిలదొక్కుకున్నారు. లాంచీ ముక్కు మెల్లగా తిరిగింది.

సరంగు చక్రం దగ్గరికి ఉరికాడు. నేను వెనక్కి పోయి నీళ్లు చూశాను. చుక్కాని పలక పక్కన సన్నటి సుడి కనిపించింది. నీళ్లు నడుస్తున్నాయి. అంటే మేము నడుస్తున్నాం.

కొండగోడ మా కుడిచేతి వైపున దాటిపోయింది. దాని మీద అలలు కొట్టిన తుంపర మా మొహాల మీద పడేంత దగ్గరగా. గోడ అయిపోయి, అవతల ఒకప్పుడు చేనుగా ఉన్న ఏటవాలు నేల కనిపించింది. సరంగు చెయ్యి ఊపాడు. మగవాళ్లు తాళ్లు వదిలారు. లాంచీ తన ఊపులోనే పోయి, మెత్తటి ఒండ్రులోకి ముక్కు దించి ఆగింది.

పిల్లలను ముందు దించాం. తర్వాత ఆడవాళ్లు. పెద్దకొడుకు మోకాలి లోతు బురదలో నిలబడి ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దించాడు. ఒక కళాసీ రోడ్డు దాకా నడిచిపోయి కబురు చేయడానికి బయలుదేరాడు. గొంగళ్లు కిందికి దించి కుట్లు విప్పడం మొదలుపెట్టారు. భయం తీరాక అందరికీ ఆకలి గుర్తొచ్చింది. మూటలు విప్పి, జొన్నరొట్టెలు, ఎండు మిరపకాయల పచ్చడి తీశారు.

అవ్వ ఒక రొట్టెను విరిచి సగం సరంగుకు, సగం నాకు ఇచ్చింది. నేను చేతిలో పట్టుకున్నాను కానీ తినలేదు. ఇప్పుడు ఇంజన్ మోత లేదు. నూనెడబ్బా లేదు. ఆమె అడగకముందే చెప్పాలనిపించింది.

“అవ్వా, పొద్దుగాల నువ్వు అడిగినవు. మాది ఊరవుతలి వాడ. మా నాయిన దొర కాడ జీతమున్నడు. మేం కిరస్తానం పుచ్చుకున్నం.”

పెద్దకొడుకు నమలడం ఆపాడు. పక్కన ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ తన రొట్టె ముక్కను చేతిలో తిప్పింది.

“అడుగుడు అలవాటైన నోరు బిడ్డా,” అంది. “నీళ్ల నడుమ ఉన్నప్పుడు నాకు ఆ మాట యాదికే రాలె. తిను.”

నేను తిన్నాను. పెద్దకొడుకు కాసేపటికి పచ్చడి ముద్ద నా రొట్టె మీద వేశాడు.

చీకటి పడకముందే లారీ వచ్చింది. ఎక్కేముందు అవ్వ సరంగునూ నన్నూ ఎండకాలంలో తమ ఊరికి రమ్మని పిలిచింది. ఉత్త మర్యాదకు పిలిచే పిలుపు కాదు. ఏ వాగు దాటాలో, ఎక్కడ మలగాలో, ఎవరిని అడగాలో చెప్పి, నాతో మళ్లీ చెప్పించుకుంది.

తర్వాత విచారణకు ఒక పెద్ద అధికారి వచ్చాడు. సరంగు జరిగింది జరిగినట్టు చెప్పాడు. మునిగిన చెట్లున్న చోట్ల గుర్తులు పెట్టించారు. కొత్త పంకా వచ్చేసరికి వానకాలం సగం పోయింది. లాంచీ మళ్లీ నీళ్లలోకి దిగిన రోజు, సరంగు వడ్రంగిని పిలిపించి చక్రం గదిలో తన పక్కన ఒక చిన్న బెంచీ వేయించాడు. అప్పటి నుంచి ప్రతి ప్రయాణంలోనూ ఎవరో ఒకరు దాని మీద కూర్చొని కనిపించేవారు. ఒకరోజు బడిపంతులు, ఒకరోజు బీడీలు చుట్టే ఆడమనిషి, ఒకరోజు కొల్లాపూర్ నుంచి వచ్చిన ముసలి బెస్తాయన. ఆయనా సరంగూ ఏటి సుడుల గురించి మాట్లాడుకుంటూ దీవి కొండ వచ్చినా లేవలేదు. మా మాటలు కూడా సరంగు నోట రావడం మొదలైంది. ‘జర ఆగండమ్మా’ అనేవాడు. ‘జర’ పక్కన మాటకు ‘అండి’ తగిలించడం ఆయన ఒక్కడికే చెల్లింది.

ఎండకాలంలో నేను వాళ్ల ఊరికి పోయాను. సరంగు సెలవు మీద గోదావరికి పోయాడు కనుక ఒక్కణ్ణే పోయాను. దారిపొడుగునా ఒకటే ఆలోచన. వాళ్లు నన్ను ఎక్కడ కూర్చోబెడతారు? గుమ్మం బయటనా, చెట్టు కిందనా? నీళ్ల మీద మాట వేరు, ఊళ్లో మాట వేరు. వాగు దగ్గర కాసేపు ఆగి, వెనక్కి పోదామా అని కూడా అనుకున్నాను.

ముందే కబురు పంపాను కనుక అవ్వ వాకిట్లో మంచం వేసి ఉంచింది. గొర్ల ఉన్ని కత్తిరించే రోజులవి. వాకిలంతా నల్లటి ఉన్ని కుప్పలు. నేను పోయేసరికి పెద్దకొడుకు చేతిలో కత్తెర పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఊళ్లోవాళ్లు లాంచీ సారు వచ్చాడని చుట్టూ మూగి, వరసగా ప్రశ్నలు వేశారు. ఒక పెద్దాయన కొంచెం దూరంగా నిలబడి, ఈ పిల్లగాడు ఎవరోడని అవ్వను అడిగాడు.

“మా లాంచీ పిల్లగాడు,” అంది అవ్వ. ఆయన మళ్లీ అడగబోతే, నా ముందు అన్నం పెడుతూ, “అన్నం తినేటోణ్ణి తిననియ్యి,” అంది.

ఆ సాయంత్రానికి మా ఊరికి చేరి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ పొయ్యి ముందు కూర్చొని ఉంది. ఆమె ఉన్ని గురించి గానీ గొర్ల గురించి గానీ అడగలేదు.

“ఏం కూర వండిండ్రు?”

“పొట్టేలు కూర.”

“దేంట్ల పెట్టిండ్రు?”

“ఆళ్లు తినే కంచంలనే.”

అమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. “తిన్నంక కంచం ఎవలు గడిగిండ్రు?”

“ఆళ్ల కోడలు.”

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పొగ వల్ల అనుకున్నాను. తర్వాత చాలాసేపటికి, తనకూ లాంచీ ఎక్కాలని ఉందని చెప్పింది. ఆనకట్టకు ఏళ్ల తరబడి రాళ్లు మోసిన మనిషి. ఆ నీళ్ల మీదికి ఒక్కసారి కూడా రాలేదు. నేను పిలవాలని ఎదురు చూసిందో, ఎవరైనా ఏమైనా అంటారని వెనకాడిందో నాకు తెలియదు.

ఆ తర్వాతి ఆదివారం ఆమెను తీసుకుపోయాను. పండుగ చీర కట్టుకుంది. నాయిన రానన్నాడు కానీ రేవు దాకా వచ్చి ఒడ్డున నిలబడ్డాడు. సరంగు సెలవు నుంచి తిరిగి వచ్చి ఉన్నాడు. మా అమ్మ అని చెప్పగానే, బెంచీ మీద కూర్చున్న పట్నం మనిషిని మర్యాదగా లేపి, ఆమెను అక్కడ కూర్చోబెట్టాడు. నేను ఇంజన్ చూసుకొని పైకి వచ్చేసరికి అమ్మ రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకొని, కళ్లు చక్రం మీద నుంచి తీయకుండా కూర్చొని ఉంది. నన్ను చూశాక కొంచెం ధైర్యం వచ్చిందేమో, సరంగును అడిగింది.

“సారూ, నా కొడుకు పని మంచిగ జేస్తున్నడా?”

సరంగు నీళ్లవైపు చూస్తూనే చెప్పాడు. “నేను పైన గంట కొడతానమ్మా. కింద మీవాడు ఉంటే ఇంక వెనక్కి తిరిగి చూడను. నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇలా నిశ్చింతగా నిలబడింది మాత్రం ఇప్పుడే.”

అమ్మ తల ఊపింది. దిగాక, ఒడ్డున నడుస్తుండగా, ఆయన ఏమన్నాడని నన్ను అడిగింది. ఆయన మాట ఆమెకు సగమే అర్థమైంది.

“మంచిగనే జేస్తున్న అన్నడు.”

“గంత పొడుగు మాట మాట్లాడిండు. గంతేనా?”

నాకు సిగ్గేసింది. అయినా ఆమె నిలబడిపోయింది, చెప్పేదాకా కదిలేటట్టు లేదు. అప్పటికి నాయిన కూడా మా దగ్గరికి వచ్చాడు. సరంగు అన్న మాటలన్నీ మా మాటలోకి తిప్పి, ఒక్కటి కూడా వదలకుండా, ఇద్దరికీ చెప్పాను.